ప్యాకెట్ ముందువైపు చివర్లో గీయాలి

అనంతపురంలో శెనక్కాయ చిక్కీ చేసేవాళ్లు ప్యాకెట్ వేయించాలనుకున్నప్పుడు ప్రింటింగ్ ప్రెస్‌కు చెప్పే మొదటి మాట "మంచి లోగో ఒకటి చేయండి" అని. డిజైన్ చదువుతున్న పిల్లలు కూడా పనిని అక్కడే మొదలుపెడతారు. లోగో వస్తుంది, దాని చుట్టూ రంగులు వస్తాయి, కంప్యూటర్ తెర మీద ప్యాకెట్ మెరిసిపోతుంది. ప్యాకెట్లు చేసే ఫిల్మ్ రోల్ ప్రింటై వచ్చాక అసలు చిక్కులు బయటపడతాయి. బార్‌కోడ్ సీల్ కిందికి పోతుంది. తేదీ వేయడానికి చోటుండదు. తెలుగు పేరులో ఒత్తులు పూడిపోతాయి. రెండు నెలలకు అంగడివాళ్లు సరుకు వాసనొస్తోందని వెనక్కి పంపుతారు.

బ్రాండింగ్, ప్యాకేజింగ్, ప్రకటన అనే మూడు పనులను ఒకటిగా చూడటం వల్ల వచ్చే తిప్పలివి. ప్యాకేజింగ్ సరుకును కాపాడుతుంది, చట్టానికి జవాబు చెబుతుంది. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి వెతుక్కుని పట్టుకోగలిగేలా చేయడం బ్రాండు పని. ఇంకా కొననివాళ్లకు కబురు చేర్చేది ప్రకటన. మూడూ ఒకే ప్యాకెట్ మీద కనిపిస్తాయి కాబట్టి ఒకే పని అనిపిస్తుంది. వాటికొక వరుస ఉంది: సరుకు ఎలా పాడవుతుందో ముందు తేల్చుకోవాలి, తర్వాత ప్యాకెట్ కొలతలు, ఆపైన చట్టం అడిగే వివరాలు. వీటన్నిటికీ పోగా మిగిలిన చోటే బ్రాండుది. 100 గ్రాముల వేరుశనగ చిక్కీ ప్యాకెట్‌ను ఉదాహరణగా పెట్టుకుని ఈ వరుసలో నడుద్దాం.

సరుకు ఎందుకు పాడవుతుంది

వేరుశనగ గింజ బరువులో దాదాపు సగం నూనె. ఆ నూనెకు గాలిలోని ఆక్సిజన్, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. వేయించిన గింజ పచ్చి గింజ కంటే త్వరగా పాతనూనె వాసన పడుతుంది. ఇక బెల్లానికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. తేమ తగిలితే చిక్కీ మొదట అంటుకుంటుంది, తర్వాత మెత్తబడుతుంది. అంటే ఈ ఒక్క తినుబండారానికి ఆక్సిజన్, వెలుతురు, తేమ మూడింటి నుంచీ రక్షణ కావాలి.

మామూలు పాలిథిన్ కవరు తేమను బాగానే ఆపుతుంది, ఆక్సిజన్‌ను మాత్రం ఆపలేదు. పైకి ఏ లోపమూ కనిపించకుండానే లోపల గింజ పాతబడుతుంది. అందుకే పొరలు కలిపిన ఫిల్మ్ వాడతారు: బయట 12 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పాలిస్టర్, మధ్యలో లోహపు పూత వేసిన మరో 12 మైక్రాన్ల పాలిస్టర్, లోపల సీల్ పడటానికి 50 మైక్రాన్ల పాలిథిన్. పై పొర లోపలివైపు ప్రింట్ చేస్తారు కాబట్టి రంగు గీసుకుపోదు, తిండికీ తగలదు. ప్రింట్ చేసిన వైపు ఆహారానికి నేరుగా తగలకూడదని 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. న్యూస్‌పేపర్‌లో తిండి చుట్టి ఇవ్వకూడదన్నదీ వాటిలోనే ఉంది.

డిజైన్ విద్యార్థులకు గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ సంచీ, దానికొక పారదర్శకమైన కిటికీ అంటే చాలా ఇష్టం. చూపుకు బాగుంటుంది, సందేహం లేదు. అయితే లోహపు పూత లేని ఆ కిటికీలోంచి వెలుతురు నేరుగా గింజ మీద పడుతుంది. అంగడి ముందు దారానికి వేలాడేసిన ప్యాకెట్‌కు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. కర్నూలు ఎర్రకారానికైతే కిటికీ ఇంకా చేటు: వెలుతురుకు కారం రంగు వెలిసిపోతుంది, కిటికీ దగ్గరి పొర పాలిపోయి లోపలిది ఎర్రగా ఉంటే కొనేవాళ్లకు అనుమానం మొదలవుతుంది. సరుకు చూపించి తీరాలంటే కిటికీని ప్యాకెట్ వెనకవైపు కిందికి చిన్నగా పెట్టవచ్చు, లేదా ముందు మంచి ఫొటో వేయవచ్చు.

మన వాతావరణం ఇక్కడ ఇంకో మోసం చేస్తుంది. అనంతపురం పొడి నేల. మార్చిలో ఇక్కడ పరీక్షిస్తే ఏ కవర్లో వేసినా చిక్కీ కరకరలాడుతుంది. అదే ప్యాకెట్ నెల్లూరుకో చెన్నైకో వెళ్తే వారంలో మెత్తబడవచ్చు. ఇక్కడైనా సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పరిస్థితి మారుతుంది. కాబట్టి పరీక్షను తేమ ఉన్నచోట చేయాలి. 15 ప్యాకెట్లు సీల్ చేసి, తడిగుడ్డ పెట్టిన మూత డబ్బాలో ఉంచి, వారానికొకటి తెరిచి వాసన, కరకర రెండూ రాసుకోవాలి. మరో 15 ప్యాకెట్లు వేడి తగిలే గదిలో పెట్టి అదే లెక్క రాయాలి. గడువు తేదీని ఈ రెండు లెక్కల్లో తక్కువదాన్ని బట్టి నిర్ణయించాలి. పక్క కంపెనీ ప్యాకెట్ మీద ఆరు నెలలుంది కదా అని మనమూ ఆరు నెలలు వేస్తే, వాళ్ల ఫిల్మ్ వేరు, వాళ్ల సీల్ వేరు.

సీల్ గురించి ఎవరూ పట్టించుకోరు కానీ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే. చిక్కీ పొడి, వేరుశనగ పొట్టు సీల్ పడేచోట చిక్కుకుంటే వెంట్రుకంత సందు మిగిలి గాలి లోపలికి పోతుంది. నింపేటప్పుడు ప్యాకెట్ మూతి పొడవుగా ఉండాలి, సీల్ చేసే ముందు మూతి లోపలివైపు తుడవాలి. వేడిని తక్కువ నుంచి మొదలుపెట్టి ఐదేసి డిగ్రీలు పెంచుకుంటూ పోవాలి. లాగితే సీల్ విడిపోకుండా ఫిల్మే చిరిగే స్థాయికి వచ్చినప్పుడు సరైన వేడి దొరికినట్టు. ఇంకా పెంచితే పాలిథిన్ పలచబడి అంచు దగ్గర తెగుతుంది. గంటకొక ప్యాకెట్‌ను నీళ్లలో ముంచి నొక్కి చూడాలి. బుడగ వస్తే ఆ గంట సరుకంతా మళ్లీ చూసుకోవాలి.

కొలతలు తేలాకే గీత

ప్యాకెట్ కొలత కంప్యూటర్లో దొరకదు. ఖాళీ కవర్లో 100 గ్రాముల చిక్కీ వేసి, సీల్‌కు చోటు వదిలి, టేపు వేసి, అంచులు గుర్తుపెట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు తేలిందనుకుందాం. వెనక మధ్యలో నిలువు సీల్ వచ్చే రకమైతే ఫిల్మ్ వెడల్పు 22 సెంటీమీటర్లు కావాలి: ముందు 10, వెనక 10, సీల్‌కు రెండువైపులా ఒక్కో సెంటీమీటరు. పొడవులో పైనా కిందా ఒక్కో సెంటీమీటరు సీల్‌కే పోతుంది. నింపాక ప్యాకెట్ ఉబ్బుతుంది కాబట్టి అంచుల నుంచి మరో సెంటీమీటరున్నర మేర ముఖ్యమైన అక్షరాలేవీ పెట్టకూడదు. అవి పక్కకు తిరిగిపోయి కనిపించవు. 10 గుణించు 15 అనుకున్న ముఖంలో నిజంగా ఎదుటివాళ్లకు కనిపించేది సుమారు 7 గుణించు 10 మాత్రమే. డిజైన్‌ను ఆ చిన్న దీర్ఘచతురస్రంలో చేయాలి.

వెనకవైపు నిలువు సీల్ ముఖాన్ని రెండుగా చీలుస్తుంది. ఒక్కో సగానికీ నాలుగున్నర సెంటీమీటర్ల లోపే దక్కుతుంది. పోషకాల పట్టిక ఒక సగంలో, బార్‌కోడ్, చిరునామా మరో సగంలో పెట్టాలి. పట్టిక సీల్ మీదుగా పోతే మధ్య వరుస చదవలేరు.

రోల్ ఫిల్మ్ వాడే యంత్రానికి ప్యాకెట్‌ను ఎక్కడ కోయాలో చెప్పేది అంచున ఉండే చిన్న నల్లటి దీర్ఘచతురస్రం. దాన్ని ఐ మార్క్ అంటారు. సుమారు 10 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు సరిపోతుంది. అది నడిచే సన్నటి పట్టీ పొడవునా ఇంకే బొమ్మా రంగు మార్పూ ఉండకూడదు. ముగ్గులు, తీగలతో నేపథ్యమంతా నింపడం మనవాళ్లకు అలవాటు. ఆ తీగ ఈ పట్టీలోకి పాకితే సెన్సర్ దాన్నే మార్క్ అనుకుంటుంది. ప్యాకెట్ పేరు మధ్యలో తెగుతుంది. ముదురు నేపథ్యం మీద నల్ల మార్క్ పెట్టినా ఇదే జరుగుతుంది.

కొలతలను సరుకు స్వభావమే కాదు, పన్నులు కూడా నిర్ణయిస్తాయి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి జీఎస్టీ వచ్చింది. సోనామసూరి బియ్యం 26 కిలోల సంచుల్లో కనిపించడం ఆ తర్వాతే. అంగట్లో రూ. 5, రూ. 10 చిక్కీల సంగతి వేరు: చిల్లరకు సరిపోవాలి కాబట్టి అక్కడ ధర కదలదు, బరువే మారుతుంది.

చట్టం అడిగే చోటు

లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) వారి 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 2020 లేబులింగ్ నిబంధనలు రెండూ ప్యాకెట్‌కు వర్తిస్తాయి. సరుకు పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసిన పదార్థాలు, 100 గ్రాములకు పోషకాల పట్టిక, వెజ్ గుర్తు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారుచేసినవారి పూర్తి చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, యూనిట్ ధర, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ ఉండాలి. వేరుశనగ అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. పదార్థాల వరుసలో పేరున్నా, "ఇందులో వేరుశనగ ఉంది" అని విడిగా చెప్పాల్సిందే.

యూనిట్ ధర చాలామంది మరిచిపోతున్నారు. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాముకు ఎంతో రాయాలి. 100 గ్రాములు రూ. 40 అయితే గ్రాముకు రూ. 0.40.

వెజ్ గుర్తు సైజు ప్యాకెట్ ముఖం వైశాల్యాన్ని బట్టి మారుతుంది. మన 10 గుణించు 15 ముఖం 150 చదరపు సెంటీమీటర్లు. 100 నుంచి 500 లోపు కాబట్టి ఆకుపచ్చ చుక్క వ్యాసం కనీసం 4 మిల్లీమీటర్లు, దాని చుట్టూ చతురస్రం భుజం 8 మిల్లీమీటర్లు. 100 చదరపు సెంటీమీటర్ల లోపైతే 3, 6 సరిపోతాయి. అది సరుకు పేరుకో బ్రాండు పేరుకో దగ్గరగా, ముందువైపే ఉండాలి. వెనక మూలకు తోయడానికి వీల్లేదు. ఆకుపచ్చ నేపథ్యం మీద ఆకుపచ్చ చుక్క కనిపించదు కాబట్టి దాని వెనక తెలుపు వేయాలి. నికర బరువు అంకెల ఎత్తు 100 గ్రాములకు 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దాన్ని 4 మిల్లీమీటర్లు చేస్తే కొనేవాళ్లకూ మేలు, తనిఖీలోనూ వాదన ఉండదు.

భాష విషయంలో ఒక మెలిక ఉంది. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలి. తెలుగు దానికి అదనంగా రాసుకోవచ్చు. తెలుగు మాత్రమే రాస్తే చట్టం ఒప్పుకోదు. చిన్న ప్యాకెట్ మీద రెండు భాషలు పట్టించడం కష్టమే, అయినా అన్నీ రెండుసార్లు రాయనక్కర్లేదు. ముందువైపు సరుకు పేరు, బరువు, వెనక పదార్థాలు, అలర్జీ హెచ్చరిక తెలుగులో ఉంటే చాలు. కొనేవాళ్లకు ఆరోగ్యపరంగా పనికొచ్చే మాటలు అవే. ఇంగ్లిష్ రాని అమ్మ తన బిడ్డకు వేరుశనగ పడదని తెలిసి ప్యాకెట్ తిప్పి చూస్తే, ఆ మాట ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి.

తేదీ, బ్యాచ్, ఎంఆర్‌పీలను అచ్చు వేసే లోహపు సిలిండర్‌లో చెక్కించి ఫిల్మ్ మీద ప్రింట్ చేయించడం పెద్ద పొరపాటు. వాటికి 40 గుణించు 20 మిల్లీమీటర్ల తెల్లచోటు వదిలి, నింపే రోజు ఇంక్‌జెట్‌తో వేయాలి. ప్లాస్టిక్ మీద నీటి ఇంకు నిలవదు. సాల్వెంట్ ఇంకు వాడి, అర నిమిషం తర్వాత తడివేలితో రుద్ది చూడాలి. ధర పెరిగితే పాత ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ అంటించడం చట్టవిరుద్ధం. తగ్గించేటప్పుడు మాత్రమే స్టిక్కర్ వేయవచ్చు, అప్పుడూ పాత ధర కనిపిస్తూ ఉండాలి.

ఇక ముందువైపు గొప్పల సంగతి. బెల్లంతో చేసిన దాని మీద "షుగర్ ఫ్రీ" అని రాయడం తప్పు. ఆ మాట వాడాలంటే 100 గ్రాములకు చక్కెరలు అర గ్రాముకు మించకూడదు, బెల్లంలో ఉన్నది చాలావరకు చక్కెరే. "ఆర్గానిక్" అనాలంటే ధ్రువీకరణ ఉండాలి. స్వచ్ఛం, సంప్రదాయం, అసలైన లాంటి మాటలు బ్రాండు పేరులోనే ఉండి కొనేవాళ్లను పొరపాటు పడేట్టు చేస్తే, అది పేరు మాత్రమేనని కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో చెప్పాలి. ఇలాంటి మాటలకు ఖర్చు పెట్టే చోటులో "కట్టెల పొయ్యి మీద వేయించిన గింజలు" అని నిజంగా చేసే పని ఒకటి రాస్తే ఎక్కువ నమ్మకం కలుగుతుంది. నిజంగా అలా వేయిస్తుంటేనే.

తెలుగు అక్షరానికి కావలసిన గాలి

ప్యాకెట్ల మీద తెలుగు ఇంత వికారంగా ఎందుకుంటుందో విడిగా చెప్పుకోవాలి. ఇది దిద్దుకోగలిగిన విషయం.

మొదటి కారణం ఫాంట్లు. ప్రెస్‌లలో దశాబ్దాలుగా వాడుతున్న అను ఫాంట్లు ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్ వాడుకలోకి రాకముందటి పద్ధతివి. వాటిలో తెలుగు అక్షరాలు రోమన్ అక్షరాల చోట్లలో కూర్చుంటాయి. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగును అందులో అతికిస్తే డబ్బాలు వస్తాయి. కొత్త పనిని యూనికోడ్ ఫాంట్లతోనే మొదలుపెట్టాలి. రామభద్ర పేరుకు బాగుంటుంది, బరువైన గీత. చిన్న వివరాలకు మండలి, నోటో సాన్స్ తెలుగు చదవడానికి వీలు. ఇవన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరికేవే, వ్యాపారానికి వాడుకున్నా ఇబ్బంది లేదు.

రెండోది సాఫ్ట్‌వేర్ అమరిక. ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా లిపులకు ఉద్దేశించిన కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తు అక్షరం కిందికి పోకుండా పక్కన నిలబడుతుంది. ప్రెస్‌కు పంపే ఫైల్లో అక్షరాలను గీతలుగా మార్చాలి, మార్చని ప్రతి ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి. ఫోన్ నంబరు మారినప్పుడు అదే పనికొస్తుంది.

మూడోది చోటు. ఇంగ్లిష్‌కు వరుసల మధ్య అక్షరం సైజుకు 120 శాతం ఇస్తే సరిపోతుంది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి 150 నుంచి 160 శాతం కావాలి. అదే చోటులో ఇరికించాలని వరుసలు దగ్గర చేస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని ఢీకొంటుంది. ఇంగ్లిష్ 6 పాయింట్లకు చదవగలం, తెలుగుకు 8 కంటే తగ్గకూడదు. ముదురు రంగులో తెల్ల అక్షరాలైతే 9 లేదా 10. ఇంకు అంచులు కొంచెం పాకగానే మొదట పూడిపోయేవి అక్షరం లోపలి సున్నాలు, కింద ఉండే చిన్న గీత. ఆ గీత పోతే "ధర" కాస్తా "దర" అవుతుంది, "ధనియాలు" "దనియాలు" అవుతాయి. అక్షరాన్ని లావు చేయడానికి చుట్టూ గీత కలపడం ఇంకో చెడ్డ అలవాటు. ఖ, ఘ లాంటివి ముద్దలైపోతాయి. లావు కావాలంటే లావుగా గీసిన ఫాంటే ఎంచుకోవాలి.

బ్రాండు పేరులో సంయుక్తాక్షరాలు ఎన్ని ఉన్నాయో పేరు పెట్టే రోజే చూసుకోవాలి. ఒత్తు ఉన్న పేరు రాయడానికి అక్షరం ఎత్తుకు మరో సగం కిందికి కావాలి, పొట్టి ప్యాకెట్ మీద ఆ సగమే దొరకదు.

పేరు, రంగు, గుర్తు

"అనంతపురం చిక్కీ" అన్న పేరు ఎవరి సొంతమూ కాదు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం సరుకును వర్ణించే మాటలకు, ఊరి పేర్లకు మామూలుగా రిజిస్ట్రేషన్ రాదు. బనగానపల్లె మామిడికి 2017లో వచ్చింది ట్రేడ్‌మార్క్ కాదు, భౌగోళిక గుర్తింపు, అది ఆ ప్రాంతపు రైతులందరిదీ. దేవుళ్ల పేర్లు పెట్టడం మనకు ఆనవాయితీ, కానీ అదే పేరుతో ముందే చాలా దరఖాస్తులు ఉంటాయి, మనది వేరని చూపడం కష్టం. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో సరుకులను తరగతులుగా విడగొట్టారు: పేరు ముందే ఎవరిదైనా ఉందేమో చిక్కీకి 30వ తరగతిలో వెతకాలి, వంటనూనెకు 29లో. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి రూ. 4,500. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టగానే వృత్తంలో ఆర్ అక్షరం వేయడం చట్టవిరుద్ధం. రిజిస్టర్ అయ్యేదాకా టీఎం మాత్రమే వాడాలి.

బొమ్మ విషయంలోనూ ఇంతే. కర్నూలులో కొండారెడ్డి బురుజు, అనంతపురం వైపు లేపాక్షి నంది మనసుకు దగ్గరివే, అందుకే అందరూ వాటినే వాడతారు. లేపాక్షి పేరుతో రాష్ట్ర హస్తకళల సంస్థ అంగళ్లే ఉన్నాయి. ఊరిమీది ప్రేమ చూపడానికి అవి సరే, నాలుగు ప్యాకెట్ల మధ్య మనదాన్ని వేరుచేసి చూపడానికి పనికిరావు. చిక్కీ ముక్క కోసే తీరు, చుట్టే కాగితం ముడి, గింజ చారల్లాంటి సరుకులోని ఆకారాల్లోంచి గుర్తు తీస్తే అది ఇంకొకరి దగ్గర ఉండే అవకాశం తక్కువ.

రంగును తెర మీద ఎంచుకోవద్దు. మన సరుకు అమ్మే అంగళ్లు నాలుగైదింటికి వెళ్లి, చిక్కీలు వేలాడేసే చోటును ఫొటో తీయాలి. ఎరుపు, పసుపు ఎంత నిండి ఉన్నాయో తెలుస్తుంది. మన నమూనాను అసలు సైజులో ప్రింట్ చేసి, కవరుకు అతికించి, అదే వరుసలో వేలాడేసి మళ్లీ ఫొటో తీయాలి. ఆ ఫొటోను నలుపు తెలుపుగా మార్చినా మన ప్యాకెట్ విడిగా తెలియాలి. లేత, ముదురు తేడా సరిగా లేని డిజైన్‌ను రంగు ఒక్కటే కాపాడలేదు, సాయంత్రం బల్బు వెలుగులో అంగట్లో రంగులన్నీ మారిపోతాయి. రెండు మీటర్ల దూరంలో నిలబడిన మనిషికి మూడు సెకన్లు చూపించి, ఏం చదివారో అడగాలి. పేరు, సరుకు ఈ రెండూ చెప్పగలిగితే చాలు.

ప్రింటింగ్

తెర మీది రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయిక (ఆర్‌జీబీ), ప్రింట్‌ది నీలి, గులాబి, పసుపు, నలుపు ఇంకుల కలయిక (సీఎంవైకే). తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ ఇంకులో మసకబారతాయి. వేల ప్యాకెట్లు కావాలంటే గ్రావ్యూర్ పద్ధతి, ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. లోహపు పూత ఉన్న ఫిల్మ్ మీద తెలుపు కూడా ఒక రంగే. దాన్ని వెనక వేయకపోతే మిగతా రంగులన్నీ వెండిలా మెరుస్తాయి. నాలుగు మామూలు రంగులు, తెలుపు, బ్రాండుకు ప్రత్యేకమైన రంగు కలిపితే ఆరు సిలిండర్లు. డిజైన్‌ను మూడు రంగుల్లో ఆలోచించగలిగితే ఆ ఖర్చు సగానికి తగ్గుతుంది. మొదటి కొన్ని నెలలకు సాదా లోహపు సంచీ తీసుకుని దానికి లేబుల్ అంటించడమే నా దృష్టిలో తెలివైన పని. తప్పులు లేబుల్ మీద బయటపడితే వందల్లో పోతుంది, రోల్ మీద బయటపడితే వేలల్లో పోతుంది. గానుగ నూనె సీసాలకైతే కాగితపు లేబుల్ వద్దు, ఒక్క చుక్క కారినా మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్ వేయాలి.

890తో మొదలయ్యే బార్‌కోడ్‌ను ఆ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా నుంచి తీసుకోవాలి. పూర్తి కొలత 37.29 గుణించు 25.93 మిల్లీమీటర్లు. దాన్ని 80 శాతానికి తగ్గించవచ్చు, అంతకు మించి కాదు. రెండు పక్కలా ఉండే ఖాళీ కూడా కోడ్‌లో భాగమే. అందంగా ఉందని దాని చుట్టూ చట్రం గీస్తే స్కానర్ చదవదు. స్కానర్ వెలుగు ఎరుపు కాబట్టి ఎర్ర గీతలు దానికి తెలుపులా కనిపిస్తాయి. తెల్ల పునాది మీద నల్ల గీతలే క్షేమం. గీతలు రోల్ నడిచే దిశలో ఉండాలి. అప్పుడు ఫిల్మ్ కాస్త సాగినా గీత పొడవు మారుతుందే తప్ప మందం మారదు.

గోడ, ఫోన్, రోడ్డు

ప్యాకెట్ తేలాక ప్రకటన సులువవుతుంది, ఎందుకంటే చూపించాల్సింది ప్యాకెట్‌నే. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా సాగుతుంది. దాని పక్క గోడల మీద రాయించేవాళ్లు ముందు ఒక లెక్క వేసుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. 90 మీటర్ల నుంచి చదవగలిగితే నాలుగు సెకన్లు దొరుకుతాయి. మీటరు దూరానికి సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తు చొప్పున ఇంగ్లిష్ అక్షరానికి 72 సెంటీమీటర్లు వస్తుంది. గుండ్రటి తెలుగు అక్షరానికి 90 సెంటీమీటర్లు పెట్టుకోవాలి, అదీ ఒత్తు కాకుండా తల అక్షరానికి. ఒత్తుకు మరో 40. ఎనిమిదడుగుల గోడ మీద దీనికి ఒక పేరు, కింద "వేరుశనగ చిక్కీ" అన్న ఒక్క వరుస పడతాయి. ఫోన్ నంబర్లు, నినాదాలు, బొమ్మలు చేరిస్తే పేరు చిన్నదై, ఏదీ చదవలేకుండా పోతుంది. పడమర గోడ ఎండకు త్వరగా వెలుస్తుంది. సున్నం పొర మీద రాస్తే రంగు రేకులుగా ఊడుతుంది, ముందు గీకించి ప్రైమర్ కొట్టించాలి. కాగితపు పోస్టర్లలో పసుపు, గులాబి ముందు వెలిసి బొమ్మంతా నీలంగా మిగులుతుంది. ఎండలో పెట్టేవాటిలో పేరును ముదురు నీలంలోనో నలుపులోనో ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఫోన్‌లో ప్యాకెట్ బొమ్మ బొటనవేలి గోరంత కనిపిస్తుంది. గోడకు చెప్పిందే దానికీ: పేరు, సరుకు.

మార్చాల్సి వచ్చినప్పుడు

2009 జనవరిలో ట్రాపికానా తన నారింజ రసం డబ్బా మార్చింది. పండులో స్ట్రా గుచ్చిన పాత బొమ్మ తీసి గ్లాసు బొమ్మ పెట్టింది. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి, కంపెనీ పాత బొమ్మకే తిరిగి వచ్చింది. రసం మారలేదు. అలమారలో చేయి చాచే మనిషికి ఆనవాలు దొరకలేదు. చిన్న తయారీదారు ప్యాకెట్ మార్చేటప్పుడు పేరు రాసిన తీరు, ప్రధాన రంగు, గుర్తు ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే కదపాలి. అది కూడా తాను చూసి చూసి విసుగెత్తినందుకు కాకుండా, చదవలేకపోతున్నామని కొనేవాళ్లు చెప్పినప్పుడు. తయారుచేసేవాళ్లు ఆ ప్యాకెట్‌ను రోజూ వందసార్లు చూస్తారు, కొనేవాళ్లు నెలకు రెండుసార్లు చూస్తారు.

కొత్త రోల్ ఆర్డర్ ఇచ్చే ముందు పాత రోల్ ఎంత మిగిలిందో తూచుకుని, చిరునామా, లైసెన్సు నంబరు ఇంకా అవేనా అని సరిచూసుకోవాలి. మొదటి ప్రింట్‌లో నచ్చిన ఒక మీటరు ఫిల్మ్‌ను వెలుతురు తగలని కవర్లో దాచి, రెండోసారి రంగు దానితో పోల్చాలి. ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి ఒప్పుకోకూడదు. సిలిండర్లకు డబ్బు కట్టింది మనమే కాబట్టి అవి మన ఆస్తి అని బిల్లు మీదే రాయించుకోవాలి. లేకపోతే ప్రెస్ మార్చిన రోజు ఆరింటినీ మళ్లీ చెక్కించాల్సి వస్తుంది.